చెరువులో చైనా గొరకలు: చిన్న రబ్బరు ఎర గాలంతో ఎంతవరకు వదిలించుకోవచ్చు?

కొత్తపేట చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో చిన్న చేపల గుంట ఉన్న రైతుకు ఒక అనుభవం తప్పదు. శీలావతి, బొచ్చె పిల్లలు వదులుతాడు. తవుడు, చెక్క వేస్తాడు. ఏడాది తిరిగాక వల లాగితే సగానికి పైగా అరచేయి కూడా నిండని నల్లటి చేపలే వస్తాయి. అవే తిలాపియాలు. కొన్నిచోట్ల జిలేబి అంటారు, మన వైపు చైనా గొరక అన్న మాటే ఎక్కువ. వాటిని రైతు కొనలేదు, వదల్లేదు. కాలువ నీటితో వచ్చి, వేసిన మేత తిని, పిల్లల్ని పెట్టి చెరువంతా నిండిపోయాయి.

ఇటీవల చిన్న చిన్న మెత్తని రబ్బరు ఎరలు ఆన్‌లైన్‌లోనూ పట్టణాల్లో గాలం సామాను అమ్మే దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి. పురుగులా, చేపపిల్లలా, రొయ్యలా ఉంటాయి. అమెరికాలో బ్లూగిల్ అనే చిన్న చేపను వీటితో పడుతున్న వీడియోలు చూసి, మన చెరువులో చైనా గొరకలను కూడా ఇలాగే ఖాళీ చేయొచ్చా అని రైతులు అడుగుతున్నారు. గాలంతో చెరువు ఖాళీ కాదు. అయితే ఆ చిన్న ఎర వల చేయలేని ఒకటి రెండు పనులు చేస్తుంది. అవేమిటో, అసలు నివారణ ఏమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

బ్లూగిల్‌కూ చైనా గొరకకూ పోలిక

బ్లూగిల్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. మన దగ్గర లేదు. అయినా దాని కథ మన తిలాపియా కథలాగే ఉంటుంది. రెండింట్లోనూ మగచేప ఒడ్డు దగ్గర తక్కువ లోతులో గుంట తవ్వి దాన్ని కాపలా కాస్తుంది. రెండూ చిన్న వయసులోనే పిల్లలు పెడతాయి. చిన్న చెరువులో సంఖ్య పెరిగి, మేత చాలక, ఏదీ ఎదగక అన్నీ పొట్టిగా మిగిలిపోతాయి. అమెరికా రైతులు చేల చెరువుల్లో బ్లూగిల్‌తో పాటు దాని పిల్లల్ని తినే బాస్ చేపను కూడా వదలడం ఇందుకే.

సొంత దేశం దాటిన బ్లూగిల్ ఏం చేసిందో జపాన్‌లో చూడొచ్చు. 1960లో అప్పటి యువరాజు అకిహితో అమెరికా వెళ్లినప్పుడు షికాగో నగర మేయరు ఈ చేపలను కానుకగా ఇచ్చారు. ఆహారానికి పనికొస్తుందన్న ఆశతో యువరాజు వాటిని జపాన్ మత్స్య పరిశోధనా కేంద్రానికి అప్పగించారు. అక్కడి నుంచి అవి బయటపడి సరస్సుల్లో, ముఖ్యంగా బివా సరస్సులో విపరీతంగా పెరిగి స్థానిక చేపలకు ముప్పయ్యాయి. 2007 నాటికి చక్రవర్తిగా ఉన్న అకిహితో తన వల్ల ఇలా జరిగినందుకు బాధగా ఉందని బహిరంగంగానే చెప్పారు. ఇప్పుడు ఆ దేశంలో బ్లూగిల్‌ను ప్రాణంతో ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకెళ్లడం నేరం.

మన దేశానికి మొజాంబిక్ తిలాపియా 1952లో వచ్చింది. సులువుగా పెరిగే చేప కాబట్టి పేదవాడికి చవకగా మాంసకృత్తులు అందుతాయని తెచ్చారు. ఏడేళ్లకే, 1959లో, దాని పెంపకాన్ని నిషేధించమని భారత మత్స్య పరిశోధనా కమిటీ చెప్పింది. అప్పటికే చెరువులు, రిజర్వాయర్లు దాటి వెళ్లిపోయింది. ఉప్పునీటిలో కూడా బతికి పిల్లలు పెట్టగల చేప కాబట్టి, ధవళేశ్వరం ఆనకట్ట దిగువ నుంచి సముద్రపు పాయల దాకా దానికి అడ్డేమీ లేదు.

ఒక సంగతి కలిపేయకండి. ఈ మధ్య ప్రభుత్వ అనుమతితో పెంచే గిఫ్ట్ తిలాపియా వేరు. అది త్వరగా పెరిగేలా ఎంపిక చేసిన రకం. దానికి అనుమతి ఉన్న హేచరీ పిల్లలే వాడాలి, లైసెన్సు ఉండాలి. కాలువలో దొరికిన చైనా గొరకను పట్టి తెచ్చి చెరువులో పెంచితే గిఫ్ట్ అయిపోదు.

చెరువులో ఉన్నట్టు ఎలా తెలుస్తుంది

వల లాగే దాకా ఆగక్కర్లేదు. నీరు కాస్త తేటగా ఉన్న రోజు ఉదయం గట్టు వెంట నడవండి. మోకాలి లోతు నీటిలో అడుగున పళ్లెమంత, ఒక్కోసారి చేటంత గుండ్రని గుంటలు కనిపిస్తే అవి మగ తిలాపియా గూళ్లు. మధ్యలో మట్టి శుభ్రంగా, చుట్టూ చిన్న కట్టలా ఉంటుంది. గూడు కాసే మగచేప ఒళ్లు నల్లగా మారుతుంది, దవడ కింద తెల్లగా, రెక్కల అంచు ఎర్రగా ఉంటుంది. ఒడ్డు వెంబడి సెంటీమీటరు పిల్లలు గుంపుగా తిరుగుతూ, అడుగుల చప్పుడుకు ఒక్కసారి మాయమైతే ఆ గుంపు తల్లి నోట్లోకి వెళ్లిపోయిందన్నమాట.

మేత సంచి కూడా చెబుతుంది. మన ప్రాంతంలో తవుడు, చెక్క కలిపి చిల్లులున్న సంచుల్లో పోసి కర్రలకు కడతాం. సంచి దింపిన పది నిమిషాల్లో దాని చుట్టూ చిన్న చేపలు ముసిరి నీరు గలగలలాడుతుంటే, మీ మేత ఎవరు తింటున్నారో అర్థమవుతుంది. పెద్ద శీలావతి అలా పైన గుంపు కట్టి అల్లరి చేయదు.

ఇంకొక గుర్తు కాస్త బాధ కలిగించేది. మబ్బు పట్టిన రోజు తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గి బొచ్చెలు తేలిపోయినా, తిలాపియా తట్టుకుని బతుకుతుంది. మంచి చేప పోయి కలుపు చేప మిగులుతుంది.

పిండి ముద్ద కంటే రబ్బరు ఎర ఎందుకు

గాలానికి గోధుమపిండి ముద్దో, తవుడు ముద్దో పెడితే తిలాపియా వస్తుంది, నిజమే. శీలావతి, ఎర్రమోసు, రూప్‌చంద్ కూడా వస్తాయి. మీ పెంపుడు చేప నోరు చిరిగి, పుండు పడి, రోగం తగులుకుంటే నష్టం మీదే. వానపాముకు జెల్లలు, ఇంగిలాయిలు కూడా పడతాయి.

చిన్న రబ్బరు ఎరకు వాసన లేదు, రుచి లేదు. అది కదలిక మీద పనిచేస్తుంది. బొచ్చె నీటిలోని సూక్ష్మజీవులను వడపోసి తింటుంది, శీలావతి నాచు, పిండి, కుళ్లిన ఆకులు తింటుంది. కదిలే చిన్న జీవిని తరిమి కొట్టే అలవాటు వాటికి దాదాపు లేదు. ఆ అలవాటు ఉన్నవి గూడు కాసే తిలాపియా, మన సొంత గొరక, మట్టగిడస, కొర్రమీను. అంటే పెంపుడు చెరువులో మీరు వద్దనుకునే జాబితాయే. రబ్బరు ఎర మంచి చేపను వదిలి చెడ్డ చేపను ఎంచుకోవడానికి కారణం ఇదే, రైతుకు దాని విలువ కూడా ఇదే.

తిలాపియా ప్రధానంగా నాచు, చెత్త తినే చేప. ఆకలితో రబ్బరు ఎరను వెంటాడే రకం కాదు. బ్లూగిల్ పురుగులు తినే చేప కాబట్టి ఎప్పుడు వేసినా పడుతుంది. వీడియోలో కనిపించే ఆ వేగం మన చెరువులో ఆశించకండి. ఇక్కడ తిలాపియా ఎరను కొట్టేది ఎక్కువగా కోపంతోనే, గూడు దగ్గరకు వచ్చినందుకు.

సామాను: చిన్నదే కావాలి

అందరూ చేసే పొరపాటు పెద్ద సామాను కొనడం. తిలాపియా నోరు చిన్నది. ఎర పొడవు 2.5 నుంచి 4 సెంటీమీటర్ల లోపు ఉండాలి. గాలం 8 లేదా 10 నంబరు. తల దగ్గర చిన్న సీసం గుండు పోసి ఉన్న గాలాన్ని దుకాణాల్లో జిగ్ హెడ్ అంటారు, దాని బరువు 1 గ్రాము, మహా అయితే 2 గ్రాములు. దారం 2 నుంచి 3 కిలోల బరువు తట్టుకునే సన్నని నైలాన్ చాలు. మందపు దారానికి ఒక గ్రాము ఎర కట్టితే అది మునగదు, ఆడదు.

రీలున్న ఖరీదు గాలం కర్ర అవసరం లేదు. ఒక గ్రాము ఎరను దూరం విసరడం కొత్తవారి వల్ల కాదు కూడా. మూడు మీటర్ల సన్న వెదురు కర్ర, దాని చివర కర్రంత పొడవు దారం, మధ్యలో చిన్న బెండు. చిన్న గుంటకు ఇంతకంటే మంచి సాధనం లేదు. బెండు ఉంటే ఎర ఎంత లోతులో ఆగాలో మీ చేతిలో ఉంటుంది. గూడు అరమీటరు లోతులో ఉంటే బెండు నుంచి ఎరకు అరమీటరు కంటే కాస్త తక్కువ పెట్టాలి, ఎర అడుగుకు తగలీ తగలనట్టు ఉండాలి.

రంగు గురించి రకరకాలుగా చెబుతారు. మన చెరువు నీరు ఆకుపచ్చగానో మట్టి రంగుగానో ఉంటుంది కాబట్టి నలుపు, ముదురు గోధుమ రంగు నీడలా స్పష్టంగా కనిపిస్తాయి. తెలుపు, పసుపు కూడా పనికొస్తాయి. మెరుపు పొడి చల్లినవాటి కోసం అదనంగా ఖర్చు పెట్టక్కర్లేదు. ఎర దొరక్కపోతే సైకిల్ వాల్వు ట్యూబు రెండున్నర సెంటీమీటర్లు కోసి, సగం దాకా నిలువుగా చీల్చి గాలానికి ఎక్కించినా పని జరుగుతుంది. కొన్నదాని అంత మెత్తగా ఆడదు, అంతే.

రబ్బరు ఎరను గాలానికి ఎక్కించేటప్పుడు నిటారుగా రావాలి. వంకరగా ఎక్కితే నీటిలో గిరగిరా తిరిగి దారం మెలిపడుతుంది. తల వైపు నుంచి గుచ్చి, గాలం వంపు ఉన్నంత పొడవు లోపల నడిపి, వీపు మీద బయటకు తీయాలి. తోక స్వేచ్ఛగా ఉండాలి.

వేసే పద్ధతి

సూర్యుడు ఎక్కకముందు, లేదా సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి. మీ నీడ గూటి మీద పడకూడదు. ఎరను గూటి మీద నేరుగా పడేయకుండా అడుగు దూరం అవతల వేసి, నెమ్మదిగా గూటిలోకి లాగండి. అక్కడ ఆపండి. కర్ర కొనను వేలెడంత పైకి లేపి దింపండి, మళ్లీ ఆపండి. తొందర వద్దు. చిన్న ఎరతో వేటలో ఎర కదిలినంతసేపటి కంటే ఆగినంతసేపే చేప ఎక్కువ పడుతుంది.

మగచేప ఎరను మింగదు. నోటితో పట్టుకుని గూటి బయటకు మోసుకెళ్లి ఉమ్మేస్తుంది. అదంతా ఒకటి రెండు సెకన్ల పని. బెండు మునగడం కోసం చూస్తే ఆలస్యమైపోతుంది. బెండు పక్కకు జరిగినా, వంగినా వెంటనే మణికట్టుతో చిన్నగా ఎత్తాలి. గట్టిగా గుంజితే సన్న పెదవి చిరిగి చేప జారిపోతుంది. రెండు మూడు సార్లు తాకి పట్టకపోతే ఎర తోక అర సెంటీమీటరు కత్తిరించండి, లేదా గాలం ముల్లుకు వానపాము చిన్న ముక్క తగిలించండి. అప్పుడు పట్టుకున్నది వదలదు. పెంపుడు చేపలు కాస్త తక్కువ ఉన్న మూలలోనే ఇలా చేయండి, మేత సంచుల దగ్గర వద్దు.

చలికాలంలో, ముఖ్యంగా పుష్యమాసపు చలిలో, గూళ్లు దాదాపు కనిపించవు, ఎర మీద కోపమూ ఉండదు. మాఘం దాటి నీరు వేడెక్కినప్పటి నుంచి వానల దాకా మంచి సమయం.

ఆడచేప గాలానికి రాదు

వీడియోల్లో ఎవరూ చెప్పనిదీ, రైతు తప్పక తెలుసుకోవాల్సిందీ ఇది. తిలాపియా ఆడచేప గుడ్లు పెట్టగానే వాటిని నోట్లోకి తీసుకుంటుంది. గుడ్లు పొదగడం, పిల్లలు ఈదే దాకా కాపాడడం అంతా నోట్లోనే. సుమారు పది పన్నెండు రోజులు సరిగా మేత తినదు. నోరు తెరిస్తే పిల్లలు పోతాయి కాబట్టి ఏ ఎరనూ ముట్టదు. గూటి దగ్గర ఉండేది, ఎరను కొట్టేది మగచేప.

కాబట్టి గాలంతో మీరు ఒక సాయంత్రం ఇరవై చేపలు పట్టారంటే అందులో ఎక్కువ మగవే. బకెట్టు నిండింది కానీ, పిల్లలు పెట్టే ఆడచేపలు లోతు నీటిలో నిశ్చింతగా ఉన్నాయి. ఒక మగచేప పోతే ఆ గూటిలోకి మర్నాడే ఇంకొకటి వస్తుంది. ఒక్క మగచేప చాలా ఆడచేపలకు సరిపోతుంది. పైగా పెద్దవాటిని తీసేస్తే మిగిలిన చిన్నవాటికి మేత ఎక్కువ దొరుకుతుంది. తిలాపియా రెండు మూడు నెలల వయసులోనే, వేలెడంత ఉన్నప్పుడే పిల్లలు పెట్టడం మొదలుపెట్టగలదు. వెచ్చని నీటిలో నెల, నెలన్నరకు ఒక ఈత. ఈ లెక్కను కర్రతో గెలవలేం.

“పట్టినవాటిని చిన్నవని వదిలేస్తే పెద్దవవుతాయి కదండీ” అని అడిగేవారున్నారు. కిక్కిరిసిన చెరువులో చిన్నగా ఉన్న తిలాపియా వయసులో చిన్నది కాకపోవచ్చు, ఎదగని ముసలిది కావచ్చు. ఏదీ తిరిగి నీటిలో వేయకండి. వల లాగినప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. పట్టుబడ్డ ఆడచేప భయంతో నోట్లోని గుడ్లను, పిల్లలను ఉమ్మేస్తుంది. చేపలను నీటి అంచున ఏరితే ఆ పిల్లలు మళ్లీ చెరువులోకే జారతాయి. వలను గట్టు మీదకు, నీటికి రెండు మూడు మీటర్ల దూరానికి తెచ్చి అక్కడ ఏరుకోండి.

అయితే గాలం దేనికి పనికొస్తుంది

మొదటిది పరీక్ష. చెరువు ఎండగట్టి, మందు వేసి, కొత్త నీరు పెట్టాక, పిల్లలు వదిలే ముందు రెండు మూడు సాయంత్రాలు నాలుగు మూలలా చిన్న ఎర ఆడించి చూడండి. ఒక్క తిలాపియా, ఒక్క మట్టగిడస తగిలినా పని పూర్తి కాలేదన్నమాట. ఏదీ తగలకపోతే పూర్తిగా లేవని రుజువు కాదు. సన్నకన్ను వల ఒకసారి లాగి చూసుకోవాలి.

రెండవది వల దిగని చోట్లు. కొబ్బరి తోట బోదెల్లో, తామర, గుర్రపుడెక్క పట్టిన గుంటల్లో, అడుగున మొద్దులు ఉన్నచోట లాగుడు వల చిక్కుకుంటుంది, విసురు వల చిరుగుతుంది. అక్కడ కర్ర, దారం ఉన్నవాడే చేప తీయగలడు. ఈ బోదెలే చెరువులోకి తిలాపియా సరఫరా చేసే చోట్లు కావడంతో, వాటిని వదిలేసి చెరువు ఒక్కటే శుభ్రం చేస్తే ప్రయోజనం ఉండదు.

మూడవది కొర్రమీను, మట్టగిడసల ఏరివేత. పిల్ల చెరువులో ఒక పెద్ద కొర్రమీను ఉంటే నువ్వు వదిలిన పిల్లలకు నువ్వు లెక్క చెప్పలేవు. వానల్లో ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద బుడగలా కదులుతుంటే దాని కింద తల్లిదండ్రులు ఉన్నట్టే. వాటికి ఈ చిన్న ఎర చాలదు. గాలం ముల్లు ఒంట్లో దాగి ఉండే రబ్బరు కప్పను గడ్డి అంచు వెంట నెమ్మదిగా గెంతించాలి, దారం కూడా 10 కిలోల పైన తట్టుకునేది కావాలి. కొర్రమీనుకు మంచి ధర ఉంది కాబట్టి ఈ పనికి కూలి దానంతటదే వస్తుంది.

నాలుగవది ఇంటి కూర. చైనా గొరక పులుసుకు బాగానే ఉంటుంది, ముల్లు తక్కువ. వారానికి రెండు సాయంత్రాలు పిల్లలు గాలం వేసినా ఇంటి ఖర్చు కొంత తగ్గుతుంది. అది లాభమే, కానీ అది కలుపు నివారణ కాదు.

అసలు నివారణ ఎండాకాలంలోనే

గోదావరి మధ్య డెల్టా కాలువలకు వేసవిలో నీరు కట్టేస్తారు. ఆ సమయమే చెరువు ఎండగట్టుకోవడానికి అదను. అడుగు నెర్రెలు తీసేదాకా ఎండాలి. పశువులు తొక్కిన గిట్ట గుంటలో నీరు మిగిలినా తిలాపియా పిల్ల బతుకుతుంది, కాబట్టి చివరి మడుగు దాకా తోడేయాలి. కొర్రమీను, ఇంగిలాయి బురదలో దూరి ఉంటాయి. పైపైన ఎండితే అవి చావవు.

మన నేలలో ఊట నీరు పైనే ఉండడంతో చాలా గుంటలు పూర్తిగా ఎండవు. అక్కడ ఇప్పపిండి వాడాలి. ఒక ఎకరా చెరువులో మీటరు నీరు ఉంటే సుమారు 1000 కిలోలు. 5 సెంట్ల గుంటలో అరమీటరు నీరు ఉంటే 25 కిలోలు సరిపోతుంది. అందుకే ముందుగా నీరు వీలైనంత తగ్గించుకుంటే ఖర్చు తగ్గుతుంది. పిండిని రాత్రంతా నానబెట్టి, ఎండ బాగా ఉన్న రోజు చెరువంతా సమానంగా చల్లి, వలతో కలియదిప్పాలి. కొన్ని గంటల్లో చేపలు తేలతాయి. ఇప్పపిండితో చనిపోయిన చేపను వెంటనే తీసి బాగా కడిగి తినొచ్చు. విష ప్రభావం మూడు వారాల వరకు ఉండొచ్చు, ఆ తర్వాతే పిల్లలు వదలాలి. ఇప్పపిండి తర్వాత ఎరువుగా కూడా మారుతుంది.

ఇప్పపిండి దొరకకపోతే బ్లీచింగ్ పౌడరు. ఎకరాకు మీటరు నీటికి సుమారు 140 కిలోలు, పైన చెప్పిన 5 సెంట్ల గుంటకు మూడున్నర కిలోలు. ఎండకు దాని శక్తి పోతుంది కాబట్టి సాయంత్రం చల్లాలి. మూత తీసి నెలల తరబడి ఉన్న పౌడరులో క్లోరిన్ ఉండదు, దాన్ని వాడి మందు పనిచేయలేదనుకోవద్దు. పిల్లలు వదలడానికి కనీసం పది రోజులు ఆగండి. ఏ మందు వేసినా ఆ నీరు కాలువలోకి, పక్క రైతు చెరువులోకి వదలకూడదు, పశువులను తాగనివ్వకూడదు. పురుగుమందులు చల్లి చేపను చంపడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఇంత ఖర్చు పెట్టి శుభ్రం చేసిన చెరువు, తూముకు జల్లెడ లేకపోతే ఒక్క రాత్రిలో మళ్లీ మొదటికి వస్తుంది. తల్లి నోట్లోంచి బయటకు వచ్చిన పిల్ల సెంటీమీటరు ఉంటుంది. దోమతెర గుడ్డ కట్టి సరిపెట్టుకుంటే అది చిరుగుతుంది, లేదా నాచు పట్టి నీరు పైనుంచి పొర్లుతుంది. రొయ్యల చెరువుల వాళ్లు వాడే 60 మెష్ వడపోత సంచిని మూడు నాలుగు మీటర్ల పొడవున కుట్టించి తూము మూతికి గట్టిగా కట్టండి. పొడవు ఎక్కువుంటే త్వరగా పూడదు. నీరు పెడుతున్నంతసేపు మనిషి దగ్గరుండి దులుపుతూ ఉండాలి. జూన్‌లో కాలువకు నీరు వదిలిన తొలి రోజుల్లో చెత్తతో పాటు కలుపు చేప కూడా ఎక్కువ కొట్టుకొస్తుంది. వీలైతే నాలుగు రోజులు ఆగి నీరు పెట్టుకోండి. వరద కాలంలో గట్టు మీంచి నీరు పొర్లే లంక భూముల్లో గట్టు ఎత్తు పెంచడం, చుట్టూ వల కట్టడం తప్ప మార్గం లేదు.

చెరువులో ఉన్నవి ఇప్పటికే పెద్ద బొచ్చెలు, శీలావతులు అయితే, మధ్యలో మందు వేయలేం. అలాంటప్పుడు పెంపుడు చేప 150 గ్రాములు దాటాక వేలెడంత కొర్రమీను పిల్లలను కొద్ది సంఖ్యలో వదిలితే తిలాపియా పిల్లల్ని తింటాయి. అమెరికా రైతు బ్లూగిల్ చెరువులో బాస్‌ను వదిలే లెక్కే ఇది. చిన్న పిల్లలున్న చెరువులో మాత్రం ఈ పని చేయకూడదు. అప్పుడు మందే రోగమవుతుంది. క్యాట్‌ఫిష్ పేరుతో అమ్మే ఆఫ్రికా మార్పు చేపను ఈ పనికి తెచ్చుకోవద్దు, దాని పెంపకం నిషేధం.

గాలం వేసేవారికి జాగ్రత్తలు

పంచాయతీ చెరువులు, కాలువలు చాలాచోట్ల మత్స్యకార సంఘాలకో, లీజుదారులకో ఇచ్చి ఉంటాయి. మీ సొంత గుంట కానిచోట ముందు అడగండి. కాలువలో పట్టిన చేపను ప్రాణంతో తెచ్చి మీ చెరువులో వదలకండి, అక్వేరియం చేపను కాలువలో పారేయకండి. ఒంటి మీద పెంకులాంటి పొలుసులున్న సక్కర్ చేప మన నీళ్లలోకి వచ్చింది అలాగే.

రబ్బరు ఎర నీటిలో కరగదు. తెగిపోయిన ముక్క చేప కడుపులో, బాతు కడుపులో అలాగే ఉండిపోతుంది. చిరిగిన ఎరలను, దారం ముక్కలను జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి చెత్తలో వేయండి. వేర్వేరు రంగుల ఎరలు ఒకే డబ్బాలో వేస్తే ఒకదాని రంగు ఒకదానికి అంటుకుంటుంది. కొన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో ఎండకు కరిగి ముద్దవుతాయి, కొన్న సంచిలోనే నీడన ఉంచండి. సీసం గుండ్లను పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి, పళ్లతో కొరికి బిగించే అలవాటు పెద్దవాళ్లూ మానాలి.

గట్టు మీద గాలం పడేసి రావద్దు. మర్నాడు అక్కడే కూలివాళ్లు ఉత్త కాళ్లతో నడుస్తారు. గాలం కాలిలో, వేలిలో దిగితే వెనక్కి గుంజకండి, ముల్లు మాంసాన్ని చీల్చుతుంది. లోతుగా దిగినా, కంటి దగ్గరైనా కదపకుండా దారం మాత్రం కోసి ఆసుపత్రికి వెళ్లాలి. పైపైన దిగి కొన బయటకు కనిపిస్తుంటే ముల్లును కట్టరుతో కత్తిరించి వెనక్కి తీసి, సబ్బు నీటితో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ చేయించుకోవాలి. గాలం ముల్లును ముందే పట్టకారుతో నొక్కి చదును చేసుకుంటే ఈ బాధ చాలావరకు ఉండదు. దారం బిగువుగా ఉన్నంతసేపు ముల్లు లేని గాలం నుంచి కూడా చైనా గొరక తప్పించుకోలేదు.